వాల్వు ఎర్రబడినప్పుడు బయాసు తిప్పడం చివరి పని

ప్రశ్న: మా మేనమామగారు 1970లలో షికాగోలో ఉద్యోగం చేస్తూ కొన్న ఫెండర్ డీలక్స్ రివర్బ్ గిటారు ఆంప్లిఫయరు ఇప్పుడు విశాఖపట్నంలో నా దగ్గరికి చేరింది. దాని ముందు పలక నల్లగా ఉంది, కరెంటు తీగకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంది. 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు మీద పెడితే పలికింది గాని గుయ్యిమనే మోత చాలా ఉంది. పది నిమిషాలయ్యేసరికి వెనుక ఉన్న రెండు పెద్ద వాల్వుల్లో ఒకదాని లోపలి రేకు ఎర్రగా కణకణలాడింది. భయపడి ఆపేశాను. చూసిన మెకానిక్కు పాత సామానంతా పీకి కొత్తది వేయాలన్నారు. నేను ఒక జత కొత్త 6వీ6 వాల్వులు తెప్పించుకున్నాను. వాటిని డెబ్బై శాతానికి బయాసు చేయాలని చదివాను. అది ఎలా చేయాలో చెప్పగలరా?

సమాధానం: భయపడి వెంటనే ఆపేయడం వల్లనే మీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇంకా బతికి ఉందని నా నమ్మకం. ఆ కొత్త జతను మాత్రం దయచేసి ఇప్పుడే సాకెట్లలో పెట్టవద్దు. మీరు అడిగింది బయాసు గురించే అయినా, నేను చెప్పబోయేది చాలావరకు బయాసు దాకా చేరేలోపు చేయవలసిన పనుల గురించి. ఎందుకంటే మీ వాల్వు ఎర్రబడటానికి కారణం బయాసు ఎవరో తప్పుగా తిప్పి ఉండటం కాకపోవచ్చు. అది అందవలసిన చోటికి అందకపోవడమే అసలు కారణమని నాకు తోస్తోంది.

6వీ6 వాల్వులో కాథోడు నుంచి ప్లేటుకు, అంటే మీరు ఎర్రబడగా చూసిన రేకుకు, ఎలక్ట్రాన్లు ప్రవహిస్తాయి, మధ్యలో గ్రిడ్ ఉంటుంది. చెరువు తూముకు తలుపు ఎలాంటిదో ఈ ప్రవాహానికి గ్రిడ్ అలాంటిది. మీ ఆంప్లిఫయరులో ఆ గ్రిడ్‌ను కాథోడు కంటే దాదాపు 35 వోల్టులు రుణంగా ఉంచుతారు. బయాసు అంటే ఇదే. రుణ వోల్టేజీ తగ్గితే తలుపు పైకి లేస్తుంది, ప్రవాహం పెరుగుతుంది, ప్లేటు ఆ వేడిని బయటికి పంపలేక ఎర్రబడుతుంది. రెండింటిలో ఒక్కటే ఎర్రబడిందంటే, లోపం ఆ వాల్వులోనైనా ఉండాలి, ఆ ఒక్క సాకెట్టుకు బయాసు చేరే దారిలోనైనా ఉండాలి. దారిలోనే ఉంటే, మీరు తెప్పించుకున్న వాల్వు కూడా అదే సాకెట్టులో అదే విధంగా మాడిపోతుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకరి ఆంప్లిఫయరులో కారణం వెతకకుండా కొత్త జత పెట్టి, అయిదు నిమిషాల్లో ఒకదాన్ని పోగొట్టాను. ఆ వాల్వును ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంచుకున్నాను.

ముందుగా మీ యంత్రం ఏమిటో నిర్ధారించుకోండి. డీలక్స్ రివర్బ్‌ను ఫెండర్ 1963లో తెచ్చింది. 1967 వరకు నల్ల పలక, 1968 నుంచి వెండిరంగు పలక. పవర్ ట్రాన్స్‌ఫార్మరు మీద 606తో మొదలయ్యే అంకెలు అచ్చువేసి ఉంటాయి. 606 అనేది షూమేకర్ కంపెనీ సంకేతం, దాని తరువాతి అంకె సంవత్సరాన్ని, చివరి రెండూ వారాన్ని చెబుతాయి. 606-6-32 అని ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మరు 1966లో ముప్ఫై రెండో వారంలో తయారైందన్నమాట. పెట్టె లోపల అంటించిన వాల్వుల పట్టీ మీద ఏబీ763 అని ఉందేమో చూడండి. నేను కింద చెప్పేదంతా ఆ సర్క్యూట్‌ను దృష్టిలో పెట్టుకున్నది: రెండు 6వీ6జీటీలు, ఏసీని డీసీగా మార్చే జీజెడ్34 రెక్టిఫయరు వాల్వు, చిన్న వాల్వుల్లో నాలుగు 12ఏఎక్స్7లు, రెండు 12ఏటీ7లు, 12 అంగుళాల 8 ఓముల స్పీకరు.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. ఈ పెట్టెలో 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా, డీసీని నునుపు చేసే ఫిల్టరు కండెన్సర్లు ఆ ఛార్జిని పట్టుకునే ఉంటాయి, పవర్ వాల్వులు, అంటే ఆ రెండు 6వీ6లు, తీసి ఉన్నప్పుడు మరీ ఎక్కువసేపు ఉంటాయి. (కొత్త పుస్తకాల్లో కెపాసిటరు అంటారు, రేడియో మెకానిక్కుల దగ్గర పెరిగిన నాకు కండెన్సరు అన్న మాటే నోటికి వస్తుంది.) 22 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరు ఒకటి తీసుకుని, రెండు కొసలకూ ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు తీగలు వేయండి. ప్లగ్గు పీకిన ప్రతిసారీ ముందు ఒక క్లిప్పును ఛాసీకి, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికి, తరువాత రెండోదాన్ని ఫిల్టరు కండెన్సరు ధన కొసకు తగిలించి నిమిషంసేపు ఉంచండి. ఆపైన మీటరు పెట్టి ప్రతి కండెన్సరు మీదా 10 వోల్టుల కంటే తక్కువ ఉందని చూసుకున్నాకే లోపల చేయి పెట్టండి. స్టాండ్‌బై స్విచ్చును వాయించే స్థితిలోనే ఉంచి ఆపితే మంచిది, లేకపోతే స్విచ్చుకు అటువైపు ఛార్జి మిగిలిపోవచ్చు. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు మీటరు నల్ల తీగను ఛాసీకి క్లిప్పుతో బిగించి, ఒక్క కుడి చేత్తోనే కొలవండి, ఎడమ చేయి జేబులో ఉండాలి. ఇది చదువుతుంటే మీ చేయి వణుకుతున్నట్టు అనిపిస్తే, అందులో తప్పేమీ లేదు. పాత వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు, ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. గిటారు ఆంప్లిఫయరు వాళ్ళు చూసి ఉండకపోయినా, ఎక్కువ వోల్టేజీతో ఎలా మసలుకోవాలో వాళ్ళ చేతులకు తెలుసు.

రెండు పిన్నుల తీగను ముందు తీసేయండి. ఆ కాలపు ఫెండర్లలో వెనుక గ్రౌండ్ అని రాసిన స్విచ్చు ఉంటుంది. కరెంటు తీగ నుంచి ఛాసీకి 0.047 మైక్రోఫారడ్ కండెన్సరు ఒకటి ఆ స్విచ్చు ద్వారా తగిలి ఉంటుంది. అది షార్టయిన రోజున ఛాసీకి, అక్కడి నుంచి మీ గిటారు తీగలకు, నేరుగా మెయిన్స్ వస్తుంది. అమెరికా మెకానిక్కులు దానికి మృత్యు కండెన్సరని పేరు పెట్టారు. దాన్ని కోసి పారేసి, మూడు పిన్నుల తీగ వేయండి: ఫేజు ముందు ఫ్యూజుకు, అక్కడి నుంచి స్విచ్చుకు, ఎర్తు తీగ ఛాసీకి విడిగా వేసిన బోల్టుకు. మీ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు విషయంలో నాకు మరో అనుమానం ఉంది. మార్కెట్టులో దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే మెయిన్స్ నుంచి వాటిలో విడదీత ఉండదు; పైగా కొన్నింటిలో ఎర్తు పిన్ను ఇటు నుంచి అటు కలిసే ఉండదు. మీటరును ఓముల మీద పెట్టి, గోడ ప్లగ్గు ఎర్తు పిన్నుకూ ఆంప్లిఫయరు ఛాసీకీ మధ్య చూడండి. అర ఓము కంటే ఎక్కువ చూపితే ఆ దారి సరిచేయకుండా గిటారు పట్టుకోవద్దు.

మెకానిక్కు చెప్పినట్టు సామానంతా పీకవద్దని నేను గట్టిగా చెబుతాను. వయసుతో తప్పకుండా చెడేవి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, ఎందుకంటే వాటిలోని తడి ఆరిపోతుంది. ఛాసీకి వాల్వులున్న వైపునే ఒక దీర్ఘచతురస్రపు రేకు మూత ఉంటుంది, దాని కింద ఫిల్టరు కండెన్సర్లు వరుసగా పడుకుని ఉంటాయి. కొసల దగ్గర బుడిపెలు తేలి, తెల్లటి పొడి కారి ఉంటే అవి ఎప్పుడో పోయినట్టే. చూడటానికి బాగున్నా యాభై ఏళ్ళు దాటినవాటిని నేను నమ్మను. 500 వోల్టులు తట్టుకునే 22 మైక్రోఫారడ్‌లవి వేయండి. మోత తగ్గుతుందని మరీ పెద్దవి వేయకూడదు, జీజెడ్34 తరువాత వచ్చే మొదటి దశలో 60 మైక్రోఫారడ్‌లకు మించితే ఆ వాల్వుకు హాని. బయాసు సరఫరాలో ఉన్న చిన్న కండెన్సరును 100 వోల్టులదిగా మార్చండి, దాని ధన కొస ఛాసీ వైపు ఉండాలన్నది మాత్రం మరవకండి. ఇక్కడ తిరగేసినవాళ్ళను చాలామందిని చూశాను. కాథోడుల దగ్గరి 25 మైక్రోఫారడ్‌ల చిన్నవి కూడా మార్చదగ్గవే. అక్కడితో ఆపండి. నీలి రంగు సిగ్నల్ కండెన్సర్లు, కార్బన్ రెసిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, గుడ్డ తొడుగు తీగలు, ఇవన్నీ కొలిచి చెడ్డవని తేలితే తప్ప ముట్టుకోవద్దు. ఆ యంత్రం పలికే తీరు వాటిలోనే ఉంది, ఒకసారి చెత్తబుట్టలో పడ్డాక తిరిగి రాదు.

మోత గురించి మీరు అడగలేదు గాని, సగం జవాబు ఇందులోనే వచ్చేసింది. ఎండిన ఫిల్టర్ల మోత 100 హెర్ట్జ్‌లో, కాస్త గరగరమని వస్తుంది. రెండు పవర్ వాల్వుల ప్రవాహాలు సమానంగా ఉన్నప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఆ మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి ఎర్రబడేంతగా లాగుతుంటే ఆ లెక్క తప్పి మోత రెట్టింపవుతుంది. కాబట్టి రెండు జబ్బులకూ మందు చాలావరకు ఒకటే.

ఇప్పుడు వెతుకులాట. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు తీసుకోండి, అంటే 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు ఆంప్లిఫయరు దారిలో వరుసగా పడాలి. దాన్ని 230 వోల్టుల వైపున పెట్టండి. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి ఆ భారమంతా తాను మోస్తుంది. స్పీకరు తగిలించే ఉంచండి. మొదట రెండు 6వీ6లను, వాటితో పాటు జీజెడ్34ను కూడా తీసేయండి. ఈ యంత్రంలో బయాసు సరఫరాకు తన డయోడు తనకుంది, రెక్టిఫయరు వాల్వుతో దానికి పని లేదు. కాబట్టి ఎక్కువ వోల్టేజీ ఏమీ లేకుండానే బయాసును కొలవవచ్చు. చాలామంది ఈ సౌకర్యాన్ని వాడుకోరు. వైరింగు వైపు నుంచి చూస్తూ, సాకెట్టు మధ్య గాడి దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కున లెక్కిస్తే అయిదో పిన్ను గ్రిడ్. రెండు సాకెట్లలోనూ అయిదో పిన్ను మీద రుణ 35 వోల్టుల చుట్టుపక్కల, రెండింటిలో సమానంగా రావాలి. ఒకదాని మీద సున్నా వస్తే 1.5 కిలో ఓముల రెసిస్టరో, 220 కిలో ఓముల రెసిస్టరో తెగిందన్నమాట. రెండింటి మీదా తక్కువ వస్తే డయోడునో బయాసు కండెన్సరునో అనుమానించాలి.

అది బాగుంటే ఆపి, ఈసారి జీజెడ్34 పెట్టండి, 6వీ6లు ఇంకా బయటే ఉండాలి. కొత్త ఫిల్టరు కండెన్సర్లు వేశాకే ఈ పని చేయాలి. పవర్ వాల్వులు లాగే భారం లేనప్పుడు వోల్టేజీ 450 దాటవచ్చు, పాతవి తట్టుకోలేవు. మళ్ళీ అయిదో పిన్నులను కొలవండి. రెండూ సమానంగా కాస్త తగ్గితే అది బల్బు మింగిన వోల్టేజీ, పట్టించుకోనక్కరలేదు. కాని ఒక వైపు రుణ 36 దగ్గరే నిలిచి, రెండో వైపు రుణ 29కి జారితే, మీ దొంగ దొరికినట్టే. రెండు పవర్ వాల్వులకు ఎదురెదురు సిగ్నళ్ళు తయారుచేసే ఫేజ్ ఇన్వర్టరు నుంచి ఆ గ్రిడ్‌కు సిగ్నలు తెచ్చే 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు డీసీని కారుస్తోంది. దాన్ని 600 వోల్టులదిగా మార్చండి, న్యాయంగా రెండింటినీ కలిపే మార్చండి. పాత ఆంప్లిఫయర్లలో ఒక్క వాల్వే ఎర్రబడినప్పుడు నా చేతికి ఎక్కువసార్లు దొరికిన కారణం ఇదే.

మీది విశాఖ కనుక మరో రెండు చోట్లు చూడమంటాను. ఫెండర్ ఆ రోజుల్లో వాడిన నల్ల ఫైబరు బోర్డు తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో ఏళ్ళ తరబడి ఉన్న బోర్డు తానే సన్నగా కరెంటు పారించడం మొదలుపెడుతుంది. యంత్రం ఆన్‌లో ఉండగా మీటరు ఎర్ర మొనను ఏ భాగాన్నీ తాకకుండా, ఎక్కువ వోల్టేజీ కొసకు పక్కన ఉన్న ఖాళీ బోర్డు మీద ఆనించండి. అక్కడ కొన్ని వోల్టులు కనిపిస్తే, ఆపి, డిశ్చార్జి చేసి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో మెల్లగా వెచ్చబెట్టి మళ్ళీ చూడండి. తగ్గితే తేమే కారణం. రెండోది సాకెట్టు. ఉప్పుగాలికి దాని లోపలి పట్టులు నల్లబడి వదులవుతాయి, అయిదో పిన్ను సరిగా తగలని వాల్వుకు బయాసే అందదు. వాల్వును చేత్తో దించుతున్నప్పుడు కాస్త బిగుతుగా, రాసుకుంటూ దిగాలి. జారినట్టు దిగిపోతే, కరెంటు తీసి డిశ్చార్జి చేశాక, సన్నటి సూదితో ఒక్కొక్క పట్టును పిసరంత లోపలికి వంచండి, కాంటాక్టు క్లీనరును నేరుగా చల్లకుండా పిన్నుకు రాసి నాలుగైదుసార్లు ఎక్కించి దించండి.

ఇవన్నీ బాగున్నా అనుమానం మిగిలితే, పాత వాల్వులనే అటుదిటు మార్చి పెట్టండి. గది దీపం ఆర్పి, స్విచ్చు మీద చేయి ఉంచి ప్లేట్లను చూస్తూ ఉండండి. ఎరుపు వాల్వుతో పాటు కదిలితే వాల్వు చెడ్డది. ఎరుపు సాకెట్టు దగ్గరే నిలిచిపోతే పైన చెప్పిన వాటిలో ఏదో మీ కన్ను తప్పింది.

ఇప్పుడు బయాసు. ప్రతి సాకెట్టులో ఎనిమిదో పిన్ను కాథోడు, అది నేరుగా ఛాసీకి కలిసి ఉంటుంది. ఆ తీగను విప్పి మధ్యలో 1 ఓము, 1 వాటు, ఒక శాతం తేడాకు మించని రెసిస్టరు వేయండి. దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు కనబడితే అన్ని మిల్లీఆంపియర్లు ఆ వాల్వులో ప్రవహిస్తున్నట్టు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కొసల మధ్య మీటరు పెట్టి కరెంటు కొలిచే పద్ధతి కూడా మీరు చదివి ఉంటారు. మీటరు తీగలోకి 400 వోల్టులు తెచ్చుకునే ఆ పద్ధతి మీకు వద్దు. కొత్త వాల్వులు పెట్టేముందే బయాసు పొటెన్షియోమీటరును, అంటే బయాసును హెచ్చుతగ్గులు చేసే తిప్పుడు భాగాన్ని, అయిదో పిన్ను మీద అత్యధిక రుణం వచ్చే వైపుకు తిప్పి ఉంచండి. అంటే తలుపు పూర్తిగా దించి మొదలుపెట్టడం. సిరీస్ బల్బు తీసేసి, వాల్యూములన్నీ సున్నాకు దించి, ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి.

డెబ్బై శాతం అన్నది దాటకూడని గట్టు, చేరుకోవలసిన ఊరు కాదు. 6వీ6జీటీ ప్లేటు భరించగలదని పాత లెక్కల్లో రాసిన శక్తి 12 వాట్లు, అందులో డెబ్బై శాతం 8.4 వాట్లు. ఆ వాల్వు ప్లేటుకు తయారీదారులు మొదట నిర్ణయించిన వోల్టేజీ 315 మాత్రమే. ఫెండర్ ఈ ఆంప్లిఫయరులో 400 దాటించి వాడింది. ఇప్పటికే అంత బరువు మోస్తున్నదాన్ని చివరి అంచుదాకా తోయడం నాకు ఇష్టం ఉండదు. మొదటి కొలతలో మూడో పిన్ను మీద, అంటే ప్లేటు మీద, 425 వోల్టులు, కాథోడు దగ్గర 15 మిల్లీవోల్టులు వచ్చాయనుకోండి. మెల్లగా తిప్పుతూ 19.5కి తెచ్చారు. ప్రవాహం పెరిగింది కనుక ప్లేటు వోల్టేజీ 412కి దిగింది. అందుకే తిప్పిన ప్రతిసారీ రెండూ మళ్ళీ కొలవాలి. కాథోడు కరెంటులో దాదాపు 1 మిల్లీఆంపియరు స్క్రీను గ్రిడ్ అనే రెండో గ్రిడ్‌ది, దాన్ని తీసేస్తే ప్లేటుది 18.5. 412ను 0.0185తో గుణిస్తే 7.6 వాట్లు, అంటే 12లో అరవై మూడు శాతం. నేనైతే అక్కడ ఆపి గిటారు తగిలిస్తాను. మెల్లగా మీటిన స్వరం ఆరిపోయే చివర్లో గీసుకున్నట్టు, తెగినట్టు వినబడితే బయాసు ఇంకా చల్లగా ఉన్నట్టు. మరో ఒకటి రెండు మిల్లీఆంపియర్లు పెంచండి. స్వరం చివరిదాకా నునుపుగా ఆరిపోతుంటే అంకెల కోసం ఇంకా తిప్పనక్కరలేదు. రెండు వాల్వుల మధ్య రెండు మూడు మిల్లీఆంపియర్ల తేడా ఉన్నా కంగారుపడకండి. అరగంట వాయించాక మళ్ళీ కొలిచి, అంకెలను తేదీతో సహా కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించండి. శబ్దాన్ని అలలా ఊపే ట్రెమొలో స్విచ్చు గురించి భయం అక్కరలేదు. ఫెండర్‌దే మరో ఆంప్లిఫయరు ప్రిన్స్‌టన్ రివర్బ్‌లో ట్రెమొలో బయాసునే ఊపుతుంది గాని, మీ దానిలో అది దీపంతో నడిచే వేరే అమరిక.

ఈ కొలతలన్నీ మీరు రోజూ వాయించే వేళ, అదే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు మీద తీసుకోండి. మీ ఇంట్లో కరెంటు మధ్యాహ్నం 220, అర్ధరాత్రి 245 ఉంటే లోపలి ప్రతి వోల్టేజీ దాన్నిబట్టి మారుతుంది, కాబట్టి ఎక్కువ వచ్చే వేళకు కూడా లెక్క గట్టు దాటకుండా చూసుకోవాలి. హీటరు కొసలైన రెండు, ఏడు పిన్నుల మధ్య ఏసీ 5.7కూ 6.9కీ మధ్య ఉంటే సరిపోతుంది. చివరిగా, ఆ పవర్ ట్రాన్స్‌ఫార్మరును 60 హెర్ట్జ్ కోసం చుట్టారు. మన 50 హెర్ట్జ్ మీద దాని ఇనుప గుండె మీద భారం ఎక్కువ పడుతుంది. 110 వోల్టులే ఇస్తున్నారు గనుక కొంత ఊరట. గంటసేపు వాయించి ఆపి, ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మరు పైమూత మీద అరచేయి ఆనించండి. పది సెకన్లు ఉంచగలిగితే నిశ్చింతగా వాడుకోండి. ఉంచలేనంత వేడిగా ఉంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు తగిన ట్రాన్స్‌ఫార్మరు వేయించి, మేనమామగారి నాటి అసలుదాన్ని గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచండి.